రోజూ పెట్టే ముగ్గు బియ్యప్పిండితోనే వేయాలా, రాతిముగ్గు చాలదా?

తూర్పువాకిలి (చర్చ మొదలుపెట్టినవారు)

పొద్దున్నే వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి ముగ్గు పెట్టడం ఒట్టి అలంకారం కాదు. చీమకీ పిచ్చుకకీ ఇంత పెట్టాకే మన పొయ్యి వెలగాలన్న ఆలోచన అందులో ఉంది. పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞమంటే, అంటే గృహస్థు రోజూ ప్రాణులకి ఇంత తిండి పెట్టడమంటే, ఇదే. ఇప్పుడు చాలా వాకిళ్ళలో కనిపించేది రాతిపొడి. చీమకి అది తిండి కాదు. మరి మనం చెప్పుకునే కృతజ్ఞత ఎవరికి చేరుతోంది? రోజువారీ ముగ్గు జానెడే అయినా సరే, బియ్యప్పిండితోనే ఉండాలన్నది నా పక్షం. సంక్రాంతి పెద్ద ముగ్గుల సంగతి వేరు. కాదనేవాళ్ళు కారణాలతో చెప్పండి.

చుక్కలలెక్క

నేను కాదంటాను. రాతిముగ్గు నిన్న మొన్న వచ్చింది కాదు. గంపల్లో, బండ్ల మీద ముగ్గుపిండి వీధివీధికీ తెచ్చి అమ్మేవాళ్ళు మన ఊళ్ళకి పాతవాళ్ళే. అసలు ముగ్గు మనసుకి చేసే మేలు పిండిలో లేదు, వేసే పనిలో ఉంది. 7 చుక్కలు, సరి చుక్క (చుక్కకి తిన్నగా చుక్క), రెండువైపులా వరుసకి రెండేసి తగ్గిస్తూ 1 వరకు అంటే మొత్తం 25 చుక్కలు. దాని మీద మెలికల ముగ్గు వేస్తే గీత ప్రతి చుక్కనీ చుట్టి మొదలైనచోటికే రావాలి. ఒక్క చుక్క దగ్గర మలుపు తప్పితే గీత మూసుకోదు. ఆ పది నిమిషాలూ బుర్రలో ఇంకే ఆలోచనకీ చోటుండదు. రాతిపొడి బరువు కాబట్టి గీత తిన్నగా పడుతుంది, కొత్తవాళ్ళకి చెయ్యి త్వరగా కుదురుతుంది. బియ్యప్పిండి గీత తెగుతుంది, విసుగొస్తుంది, నాలుగు రోజుల్లో మానేస్తారు. రోజూ వేయడమే ముఖ్యమైతే రోజూ వేయగలిగేదే వాడాలి.

నూకలబస్తా

చుక్కలలెక్క గారూ, గీత తెగుతోందంటే తప్పు బియ్యానిది కాదండి, పిండి ఆడించిన తీరుది. అరిసెలకి పట్టించే తడిపిండి ముగ్గుకి పనికిరాదు. మరీ మెత్తగా ఉండి వేళ్ళ మధ్య ఉండకడుతుంది. పొడి బియ్యమే మర పట్టించాలి, నూకలైనా చాలు. వేళ్ళతో నలిపితే గరుకు తెలియాలి, అలాగని రవ్వలా దొర్లిపోకూడదు. జల్లెడ పట్టి పైన మిగిలింది పిచ్చుకలకి వేయండి. వాటికి పిండికన్నా నూకే ఏరుకోవడానికి వీలు.

నేల తడి ఇంకా ముఖ్యం. చల్లిన నీళ్ళు మెరుస్తుండగా వేస్తే పిండి తడి పీల్చుకుని గీత పరుచుకుపోతుంది. పూర్తిగా ఆరాక వేస్తే చిన్నగాలికే లేచిపోతుంది. మెరుపు పోయి చెమ్మ మిగిలినప్పుడు వేయాలి. మట్టివాకిట్లో ఆ చెమ్మ చాలాసేపు నిలుస్తుంది. ఎండాకాలం సిమెంటు మీద నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి అక్కడ సగం సగం చల్లుకుంటూ వేయాలి. కళ్ళాపి చల్లేవాళ్ళయితే బకెట్ నీళ్ళకి రెండు గుప్పెళ్ళ పచ్చి పేడ కలిపి, గడ్డిపరకలు తీసేయండి. పరక మీద పడ్డ గీత అక్కడే తెగుతుంది.

వేళ్ళు నేలకి అంగుళం ఎత్తులోనే ఉండాలి. రాతిముగ్గు అలవాటుతో పైనుంచి వదిలితే తేలికపిండి చెదిరిపోతుంది. చూపుడువేలు ఆనుకుని ఉండాలి, కదలాల్సింది బొటనవేలు.

తిండిగింజ వృథా అనేవాళ్ళకి లెక్క: రెండడుగుల ముగ్గుకి ఒక గుప్పెడు, అంటే 30 నుంచి 40 గ్రాములు. నెలకి కిలో అటూ ఇటూగా నూక. అది నేలపాలు కాదు, నోళ్ళకే పోతుంది.

నాలుగో అంతస్తు

వాకిలి ఉన్నవాళ్ళకి ఇదంతా బాగుంది. అపార్ట్‌మెంట్ కారిడార్ సంగతి చూడండి. పొడిపిండి రాత్రిదాకా ఉంటే బొద్దింకలొస్తాయి. చీమలు గడప కిందనుంచి వంటింట్లోకి దారి వేసుకుంటాయి. అప్పుడు మనమో పక్క ఫ్లాటువాళ్ళో చీమలమందు సుద్దతో గీత గీస్తాం. అది పురుగుమందు. తిండి పెడతామని పిలిచి మందు మీద నడిపించడం భూతయజ్ఞం ఎలా అవుతుంది? ఇక్కడ రాతిముగ్గే దయగల పని. చీమలకి పెట్టాలనుంటే కింద చెట్టు మొదట్లో చెంచాడు నూక వేసి రావచ్చు.

తూర్పువాకిలి

సుద్దగీత మాట కాదనలేనిది. ఆ మందు గీసే చోట పొడిపిండి వేయకూడదు, ఒప్పుకుంటున్నాను. కానీ చెట్టు మొదట్లో విడిగా వేసి రమ్మనడం దగ్గర నాకు భేదం ఉంది. విడి పని అయిందంటే మొదట మానేసేది దాన్నే. ఊడ్వడం, చల్లడం, గీయడం, పెట్టడం ఒకే పనిలో కట్టి ఉన్నాయి కాబట్టే ఇన్ని తరాలు నడిచింది. మరిచిపోవడానికి వీల్లేకుండా చేశారు పెద్దవాళ్ళు.

కావిగీత

ఫ్లాటుకి తడిముగ్గు ఉంది కదా, ఎవరూ ఎత్తలేదేం? వ్రతాల పీటల మీద వేసేదే. అరకప్పు పచ్చిబియ్యం మూడు గంటలు నానబెట్టి, కాటుకంత మెత్తగా రుబ్బాలి. దోసెపిండికన్నా పల్చగా, పాలకన్నా చిక్కగా ఉండాలి. నాలుగంగుళాల పాత నూలుగుడ్డ ముంచి మూడువేళ్ళతో పట్టుకుని పిండుతుంటే ఉంగరపువేలి కొసనుంచి ధార దిగుతుంది. వేసేటప్పుడు సరిగ్గా కనబడదు, ఆరాకే తెల్లబడుతుంది. కనబడట్లేదని మళ్ళీ పైన గీస్తే గీత లావై, ఆరాక పెచ్చులూడుతుంది. కొత్తవాళ్ళంతా తప్పేది ఇక్కడే.

నున్నటి టైల్స్, గ్రానైట్ మీద ఇది పట్టుకోదు, అడుగు పడితే రాలిపోతుంది. గరుకు బండ, సిమెంటు, చెక్కపీట మేలు. ఎర్రమట్టి అలికిన పీట గానీ పలక గానీ ఒకటి బాల్కనీలో పెట్టుకుంటే గడపకి దూరంగా ఉంటుంది. మిగిలిన పిండి మర్నాటికి పులిసి ఈగలు ముసురుతాయి, ఏరోజుకారోజే రుబ్బుకోండి. ఇందులో చీమకి దక్కేది తక్కువేనని మాత్రం ఒప్పుకోవాలి.

గడపపసుపు

వీటన్నిటికన్నా ముగ్గు స్టిక్కర్ నయం కదా? రోజూ తలుపు తీయగానే కనబడుతుంది, చూసి ఒక్క క్షణం దండం పెట్టుకుంటే కృతజ్ఞత కాదా?

చుక్కలలెక్క

కాదమ్మా. ఈ ఒక్క విషయంలో తూర్పువాకిలి గారూ నేనూ ఒకటే. ముగ్గు ఆ రోజు సంగతి చెబుతుంది. ధనుర్మాసంలో గొబ్బెమ్మల చుట్టూ ఒకలా, కనుమనాడు రథం ముగ్గుగా, శుక్రవారం గడపకి పసుపుతో ఒకలా. తద్దినం రోజున అసలు వేయరు. ముగ్గు లేని వాకిలి చూసి ఇరుగుపొరుగు అడగకుండానే గ్రహించేవాళ్ళు. స్టిక్కర్ తద్దినం రోజునా పండగనాడూ ఒకేలా ఉంటుంది. వారం తిరక్కుండా కంటికి ఆనడం మానేస్తుంది.

బియ్యప్పిండి మీద నా మాట కొంచెం సడలిస్తాను. నేర్చుకునేవాళ్ళకి రాతిపొడీ బియ్యప్పిండీ సగంసగం కలపండి, గీత తెగదు.

తూర్పువాకిలి

సగంసగం మాత్రం వద్దండి. తిండిలో రాయి కలిపి పెట్టి, పెట్టామనుకోవడం నాకు మింగుడుపడదు. చుక్కలు రాతిముగ్గుతో పెట్టి, గీత బియ్యంతో వేయండి. కాదంటే ముగ్గు తగ్గించండి. 5 చుక్కలు, సందు చుక్క (రెండు చుక్కల సందులో ఒకటి), రెండువైపులా 3 వరకు వేస్తే 19 చుక్కలే. చెయ్యి కుదరడానికి అది చాలు.

నూకలబస్తా

కొనే పొట్లాల గురించి ఒక జాగ్రత్త. బియ్యప్పిండో కాదో తెలియకపోతే చెంచాడు పొడి కాసిని నీళ్ళలో వేసి కాచండి. బియ్యమైతే జావలా చిక్కబడుతుంది, రాయైతే అడుగున దిగుతుంది. పసుపునీళ్ళలో వేయగానే కుంకుమరంగుకి తిరిగిందంటే సున్నం కలిసింది. రోజూ వాడితే వేళ్ళ చర్మం పగులుతుంది, పిల్లల చేతికి ఇవ్వకండి. రంగుల కోసం ఉప్పు కలిపే అలవాటు కూడా ఉంది, ఆ ముగ్గు కడిగిన నీళ్ళు మొక్కల్లోకి పోనివ్వకండి.

నాలుగో అంతస్తు

బాల్కనీ పలక మాట బాగుంది. అక్కడ పొడిపిండి వేస్తే సాయంత్రం ఎత్తేయాలా, ఉంచాలా?

కావిగీత

ఎత్తేయండి, దీపాలు పెట్టకముందే. దీపం పెట్టాక ఊడ్వరు కదా. పొద్దుటినుంచి అప్పటిదాకా చీమలకి తీసుకెళ్ళాల్సినంత సమయం దొరుకుతుంది, రాత్రి బొద్దింకకి ఏమీ మిగలదు. ఊడ్చింది చెత్తబుట్టలో కాకుండా కుండీలో వేయండి, పల్చగా చల్లినట్టు. ఒకేచోట కుప్పగా పోస్తే బూజు పడుతుంది.

చుక్కలలెక్క

వానాకాలంలో డబ్బాలో పిండి చెమ్మగిల్లి పురుగు పడుతుంది. అప్పుడు నెలకి సరిపడా కాకుండా వారానికి పావుకిలో చొప్పున పట్టించుకోవడం మంచిది. జల్లు పడే వాకిట్లో ఆ రెండు మూడు నెలలూ ఏది వేసినా నిలవదు. తూర్పువాకిలి గారూ, అప్పుడు మీ పక్షం ఏమిటి?

తూర్పువాకిలి

చూరు కింద, గడపకి ఆనించి, నాలుగు గీతలు. బియ్యప్పిండితోనే.