"పసుల వన్నె వేరు": ఒక్కటియా, ఒక్కటేనా?

పాతపుటలు:
రెండు రోజులుగా ఒక వేమన పద్యం నన్ను వదలడం లేదు. "పసుల వన్నె వేరు పాలెల్ల ఒక్కటి" అని నేను నేర్చుకున్నాను. మొన్న ఒకరు "ఒక్కటే" అని దీర్ఘం తీసి చదివారు. జాతి వివక్ష ఈ కాలంలో ఇంకా ఉందా అని ఒక వ్యాసం రాస్తున్నాను. చివర్లో ఈ పద్యం పెట్టాలని ఉంది. ఏది సరైన పాఠం?

యతిమైత్రి:
మొదటి పాదాన్ని బట్టి తేలదండీ. ఒక్కటి భగణం, ఒక్కటే రగణం, రెండూ ఇంద్రగణాలే, ఆ చోట ఏదైనా చెల్లుతుంది. రెండో పాదం చూడండి: "పుష్పజాతి వేరు పూజ ఒకటి". అక్కడ అన్నీ సూర్యగణాలు, అంటే హగణమో నగణమో, కావాలి. "ఒకటే" అంటే సగణమైపోయి ఆటవెలది కుంటుతుంది. రెండో పాదంలో ఇకారం ఉన్నప్పుడు మొదటి పాదంలోనూ అదే ఉండి ఉంటుంది. నా ఓటు "ఒక్కటి"కే.

చెరువుగట్టు:
"పూజ ఒకటె" అని ఎకారాన్ని హ్రస్వం చేయండి, నగణమే వస్తుంది, అవధారణా (నొక్కి చెప్పడం) దక్కుతుంది. కాబట్టి మీ వాదన నిలవదు. "పాలు ఒక్కటి" అంటే ఒక సంగతి చెప్పడం. "ఒక్కటే" అంటే కాదన్నవాడికి ఎదురు చెప్పడం. వేమన ఎవరినో ఎదురుగా నిలబెట్టుకుని మాట్లాడే కవి. ఆ ఏకారం తీసేస్తే ఎదుటివాడు మాయమైపోతాడు.

యతిమైత్రి:
అలాగైతే మూడో పాదమూ తేల్చాలి. "దర్శనంబులారు" అని ఒక పాఠం, "దర్శనంబు వేరు" అని ఇంకొకటి. షడ్దర్శనాలు, అంటే మన ఆరు తత్వశాస్త్రాలు, మనసులో పెట్టుకుంటే "ఆరు" అనేదే బరువైన మాట.

పాతపుటలు:
నాకు "వేరు" మూడుసార్లు రావాలనే ఉంది. దక్షిణాఫ్రికాలో 1948 నుంచి ప్రభుత్వ విధానంగా నడిచిన అపార్థైడ్‌ను మన పత్రికలు వర్ణవివక్ష అని రాశాయి. ఆఫ్రికాన్స్ భాషలో ఆ మాటకు అసలు అర్థం "వేరుగా ఉండటం". వేమన కంటికి కనబడే "వేరు"ను చెప్పి ముందుకు వెళ్లిపోయాడు. వాళ్లు ఆ ఒక్క మాటను పట్టుకుని చట్టం చేశారు. నల్లవాళ్లు ఎక్కడికి వెళ్లినా జేబులో పాస్ (అనుమతి పత్రం) ఉండాల్సి వచ్చేది. ఆ పాస్ చట్టాలకు నిరసనగా 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారమే 69 మంది పోయారు.

మెట్టతామర:
వర్ణవివక్ష అన్న మాటతోనే నాకు పేచీ. ఐక్యరాజ్యసమితి 1965 ఒడంబడికలో జాతి, వర్ణం, వంశం, జాతీయ మూలం, తెగ మూలం అని ఐదు ఆధారాలు చెప్పారు. మన మాట వాటిలో ఒక్కదాన్నే పట్టుకుంటుంది. 2004లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం సంగతి చూడండి. ఒకే రకం అర్హతలున్న ఉద్యోగ దరఖాస్తుల మీద పేర్లు మాత్రం మార్చి పంపారు. తెల్లవాళ్ల పేర్లు అనిపించేవాటికి 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. కాగితం మీద ఏ వన్నె ఉందని? "జాతి వివక్ష" అనడమే సరి.

నల్లకలువ:
"జాతి"కి మాత్రం అర్థాలు తక్కువా? దేశమూ జాతే, తెగా జాతే. సంస్కృతంలో జాజిపువ్వు పేరే జాతి. మీరేమో వన్నెను తేలిగ్గా వదిలేస్తున్నారు. వర్ణానికి వికృతి వన్నె. మన నోట్లో పడి అది రంగు దగ్గర ఆగలేదు, "వన్నె తెచ్చాడు" అంటే గౌరవం తెచ్చాడని. రంగూ గౌరవమూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. "కాస్త రంగు తక్కువ" అని మనిషిని కొలిచే అలవాటూ మన భాషలోనే ఉంది.

నాకు అసలు బాధంతా ఒక్క అక్షరంతో. "నల్లగా ఉన్నా కళగా ఉంటుంది" అంటామే, ఆ "ఉన్నా"లో దీర్ఘం. మెచ్చుకుంటున్నామనే అనుకుంటాం. ఆ దీర్ఘం నలుపును ముందే తప్పు కింద రాసేసి, తర్వాత మాఫీ చేస్తుంది. పోతన గోపికలు ఏమన్నారు? "నల్లనివాడు పద్మనయనంబులవాడు". ఆనవాళ్లు చెబుతూ మొట్టమొదట చెప్పింది నలుపే. "నల్లనివాడైనా" అనలేదు. కళ్లూ, దయా, పింఛమూ, నవ్వూ అన్నీ ఆ నలుపు వెనకే నడిచి వస్తాయి. ఆ పద్యం చదివిన ప్రతిసారీ నాకు కళ్లు చెమరుస్తాయి.

యతిమైత్రి:
అది ప్రాస కోసం కూడా కావచ్చు. నల్ల, జల్లె, జిల్లె, మల్లి.

నల్లకలువ:
ప్రాస కోసమే "మల్లియలార" వచ్చిందని ఎందుకు అనకూడదు? పద్యం ఎత్తుకున్నది నలుపుతో.

చన్నీళ్లు:
పాతపుటలు గారూ, "పాలెల్ల ఒక్కటి" ముగింపుగా పెట్టకండి. నేను ఐసీయూలో నర్సుని. నల్లటి ఒంటి రంగు ఉన్న ఒకాయన వేలికి ఆక్సిమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం కొలిచే పరికరం) పెడితే 94 చూపించింది. మనిషి మాత్రం మాట పూర్తి చేయలేక ఆయాసపడుతున్నాడు. ధమని నుంచి రక్తం తీసి పరీక్షకు పంపితే 86 వచ్చింది. ఆ పరికరం వేలి గుండా వెలుతురు పంపి లెక్క కడుతుంది. చర్మంలోని మెలనిన్ కూడా ఆ వెలుతురును పీల్చుకుంటుంది. 2020లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, ఆక్సిమీటర్ 92 నుంచి 96 దాకా చూపిన సందర్భాల్లో అసలు ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉన్నవి నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవారిలో 3.6 శాతం. ఆ పరికరం చేసినవాళ్లకు ఎవరి మీదా ద్వేషం ఉండి ఉండదు. అందరూ ఒక్కటే అనుకున్నారు, ఆ ఒక్కటి తెల్ల వేలు అయింది. వేమన ముందు "వన్నె వేరు" అన్నాడు కదా. అందరం ఆ సగాన్ని దాటేసి రెండో సగమే పాడుకుంటున్నాం.

పాతపుటలు:
ఇది చదివాక వ్యాసం మళ్లీ రాయాలనిపిస్తోంది. పద్యాన్ని చివరి నుంచి తీసి, మొదటి సగాన్ని శీర్షికగా పెడతాను. "ఉన్నా" గురించి కూడా రాస్తాను, నల్లకలువ గారు అనుమతిస్తే.

నల్లకలువ:
తప్పకుండా రాయండి.

చెరువుగట్టు:
శీర్షికలో "ఒక్కటే" రాదు కాబట్టి నా వాదన వీగిపోయినట్టు కాదు. చన్నీళ్లు గారు చెప్పినదాంట్లోనూ ఆ ఏకారమే పని చేసింది. "అందరూ ఒక్కటే" అనే అన్నారు, "ఒక్కటి" అనలేదు.

యతిమైత్రి:
అది వాడుక భాష, పద్యానికి సాక్ష్యం కాదు. ఇంకో సంగతి, "పాలెల్ల ఒక్కటి" అని అచ్చు అచ్చుగానే ఉంటుందా, "పాలెల్ల నొక్కటి" అని నకారం రావాలా? నా దగ్గర పాత ప్రతి ఒకటి ఉంది. రాత్రికి తీసి చూసి చెబుతాను.