అప్‌డేట్: 'ఈరీ' 1వ సంచిక సంగతి తేలింది, రెండో ముద్రణే

ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన చిన్న సైజు 'ఈరీ' (అమెరికా హారర్ కామిక్స్ పత్రిక) 1వ సంచిక అసలుదేనా, అంటే మొదటి ముద్రణేనా అని ఇదివరకు అడిగాను కదా. కాదు, రెండో ముద్రణ. సాయం చేసినవారందరికీ థాంక్సండీ.

పట్టిచ్చింది 18వ పేజీ, 5వ ప్యానెల్ (బొమ్మ గడి). మొదటి ముద్రణలో పైన ఎడమ మూల బట్టతల మనిషి వెనుక భాగం నలుపులో కలిసిపోయి గుర్తే పట్టలేం. ఇందులో శుభ్రంగా కనిపిస్తోంది. ప్రింటు బాగుంటేనే అనుమానించాలన్నమాట! స్టేపుల్ పిన్నుల మీద పావు అంగుళం నీలి చార కూడా ఉంది. ట్రిమ్ చేయని ఎగుడుదిగుడు అంచులూ రెండోదాని గుర్తే గానీ, వాటినే నమ్ముకోవద్దు. తర్వాత ఎవరైనా కత్తిరించి ఉండొచ్చు. అలాంటప్పుడు కొలత ఈ సంచిక అసలు సైజు 5.25 × 7.25 అంగుళాల కన్నా తగ్గుతుంది.

కాగితం పసుపు, పాత వాసన ఎందుకూ పనికిరాలేదు. మన వానాకాలానికి ఏ న్యూస్‌ప్రింటైనా అలాగే అవుతుంది.

ఈ బుల్లి సంచిక పుట్టిందే పోటీ వల్ల. మైరన్ ఫాస్ అనే పోటీ ప్రచురణకర్త వర్గం అదే పేరుతో పత్రిక తేబోతోందని తెలిసి, పేరు హక్కు కోసం 'ఈరీ' ప్రచురణ సంస్థ వారెన్ పబ్లిషింగ్ హడావుడిగా కొద్ది ప్రతులు వేసింది. మామూలు పెద్ద సైజు 1966 మార్చి నాటి 2వ సంచికతోనే మొదలు. ఫాస్ వాళ్లు 'వియర్డ్' పేరుతో సరిపెట్టుకున్నారు.