ఉగాది పనులు, 2022 ఏప్రిల్ 2 శనివారం – అందరూ చూడండి (ఇక్కడ ఎవరి పేరైనా వాళ్ళ సొంతూరి పేరే)

చంద్రగిరి (మార్చి 14)
శుక్రవారం లోపు హాల్‌కి మిగతా 900 డాలర్లు కట్టాలి. లేదంటే అది ఇంకొకరికి పోతుంది. కాబట్టి పనులు ఇవాళే పంచేసుకుందాం. వేపపువ్వు, మామిడాకులు పీలేరు వదిన. పంచాంగ శ్రవణానికి అయ్యవారిని తీసుకొచ్చేది పుత్తూరు. మైకులు కొర్లగుంట. పిల్లల నాటకానికి, గేటు దగ్గర కూర్చోవడానికి, గిన్నెలు తేవడానికి పేర్లు కావాలి. పోస్టర్ ప్రింటుకి వెళ్తోంది: "టికెట్ల డబ్బంతా స్వర్ణముఖి ఒడ్డున వరదకి దెబ్బతిన్న మన గుడికే."

పుత్తూరు
అయ్యవారిని తెస్తా. ఈసారి ఆయనకి టైము నేనే చెప్తా, ఎవరూ మధ్యలో ఫోన్ చేయొద్దు.

మదనపల్లె (లెక్కలు)
పోస్టర్ ఆపండి. ఆడిటర్‌తో మాట్లాడి వస్తున్నా. మనది అమెరికాలో రిజిస్టర్ అయిన సంస్థ, మనం పంపేదంతా విదేశీ విరాళం కిందకి వస్తుంది. పుచ్చుకోవాలంటే గుడికి ఇండియా విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. గుడి కమిటీకి ఉన్నది ఊళ్ళో ఒక సేవింగ్స్ ఖాతా. ఇప్పుడు అప్లై చేద్దామంటే మూడేళ్ళలో 15 లక్షలు ఖర్చు పెట్టినట్టు చూపించాలి. ఆ గుడి ఆదాయం ధనుర్మాసం పొంగలికే చాలదు.

కొర్లగుంట
తిరుపతిలో రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టు ఏదైనా చూసి, వాళ్ళకి పంపి, వాళ్ళ నుంచి గుడికి ఇప్పిస్తే?

మదనపల్లె (లెక్కలు)
2020 సవరణ తర్వాత అది కుదరదు. విదేశీ విరాళం తీసుకున్న సంస్థ ఇంకో సంస్థకి ఇవ్వకూడదు.

పీలేరు వదిన
64 టికెట్లు అమ్మింది నేను. 25 డాలర్ల చొప్పున 1600. ప్రతి ఇంటికీ వెళ్ళి గుడి కోసం అని చెప్పి అమ్మాను. ఈ మాట జనవరిలో ఎందుకు చెప్పలేదు?

మదనపల్లె (లెక్కలు)
జనవరిలో నన్నెవరు అడిగారు వదినా? పోస్టర్ కూడా ఇక్కడే చూశా.

శ్రీకాళహస్తి
గుడికి ఇన్సూరెన్స్ ఉందన్నారు కదా. ఆ డబ్బు వస్తుంటే మనకెందుకు ఇంత టెన్షన్? పోనీ టీటీడీ వాళ్ళ శ్రీవాణి ట్రస్టుకి ఇచ్చేద్దాం, అదీ గుళ్ళకే.

చంద్రగిరి
ఇస్తే మంచిదే. ఆ డబ్బు మన గుడికే చేరుతుందని టికెట్ కొన్నవాళ్ళకి నువ్వు సంతకం పెట్టి ఇస్తావా? నవంబర్‌లో మా అమ్మ రెండు రాత్రులు మేడమీద కూర్చుంది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊరంతా మేలుకునే ఉన్నారు. మీకిది ఇంకో చందా, అంతే.

శ్రీకాళహస్తి
ఆ మాట అనాల్సింది కాదన్నా. సరే, నేను తప్పుకుంటున్నా.

రేణిగుంట తమ్ముడు (మార్చి 16, తిరుపతి నుంచి)
గొడవ ఆపి ఇది చదవండి. నిన్న కమిటీ పెద్దాయన దగ్గర గంటసేపు కూర్చున్నా. పాలసీ కాగితాన్ని పసుపు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు. అగ్నిప్రమాదాల పాలసీ, వరద, తుఫాను అందులోనే ఉన్నాయి. అంతవరకు బాగానే ఉంది. కానీ రాయించింది 20 లక్షలకి. గుడి మళ్ళీ కట్టాలంటే 50 లక్షలవుతుందని బీమా సర్వేయర్ లెక్కగట్టాడు. విలువలో ఐదింట రెండు వంతులకే బీమా ఉంది కాబట్టి నష్టంలోనూ అంతే ఇస్తారట. 10 లక్షల నష్టానికి 4 లక్షలు. పైగా అందులో "గుడి భవనం" అని మాత్రమే రాసుంది. ప్రహరీ గోడ లేదు, వంటశాల లేదు. గరుడ వాహనం, హనుమంత వాహనం నీళ్ళలో నాని పగుళ్ళిచ్చాయి, వాటి ఊసే లేదు. సర్వేయర్ వచ్చేలోపే ఊరివాళ్ళు బురద ఎత్తేసి, పడిన గోడ రాళ్ళు కట్టకి తోలేశారు. ఒక్క ఫొటో తీయలేదు. "దేవుడి ముందర బురద పెట్టుకుని ఎవరి కోసం చూడాలబ్బా?" అని పెద్దాయన నన్నే అడిగాడు. ఏం చెప్పాలో తెలీలేదు.
ఆదాయం లేని గుళ్ళకి సాయం చేసే దేవాదాయ శాఖ సర్వశ్రేయోనిధికి అర్జీ పెట్టమన్నా. రాస్తారట. తిరుమల కొండకి నడిచివెళ్ళే శ్రీవారి మెట్టు దారే వరదకి పాడై ఇంకా తెరవలేదు, ఇక మన చిన్న గుడి సంగతి ఎప్పటికో.

పీలేరు వదిన
ఇక్కడ హార్వీ తుఫానప్పుడు మేమూ ఇదే చూశాం. 2017లో మా వీధిలో సగం మందికి మామూలు ఇంటి పాలసీలో వరద ఉండదనే తెలీదు. వరద పాలసీ వేరే కొనాలి, కొన్నా 30 రోజుల దాకా అమల్లోకి రాదు. పూజలే ప్రధానంగా జరిగే చోట్లకి అమెరికా ప్రభుత్వ విపత్తు సంస్థ ఫెమా సాయం కూడా 2018 జనవరిలో రూలు మార్చాకే. పెద్దాయన్ని ఏమీ అనకండి.

చంద్రగిరి (మార్చి 17)
కాళహస్తీ, మొన్న నోరు జారాను. రాత్రి ఫోన్ చేశా, ఎత్తలేదు.

శ్రీకాళహస్తి
నైట్ షిఫ్ట్ అన్నా. ఒక మాట. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా నేరుగా గుడికి ఇస్తే అది విదేశీ విరాళం కాదంటున్నారు. నిజమేనా?

మదనపల్లె (లెక్కలు)
నిజమే. కానీ పక్కవాళ్ళ డబ్బు మీ ఖాతాలో వేయించుకుని మీ పేరుతో పంపితే అది దొంగదారి, దానికి నేను ఒప్పుకోను. పౌరసత్వం మారినవాళ్ళు, నాతో సహా, పంపకూడదు. విదేశీ పౌరులైన భారత సంతతికిచ్చే ఓసీఐ కార్డున్నా సరే.

కొర్లగుంట
అయితే టికెట్లు రద్దు చేద్దాం. మారినవాళ్ళం హాల్, భోజనం మా జేబులోంచి పెట్టుకుంటాం. నాది 300. మారనివాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు, ఎవరి ఖాతా నుంచి వాళ్ళే గుడికి పంపుకోండి. పంపారా లేదా అని ఎవరూ అడగొద్దు. అద్దె మైకులు వద్దు, నా దగ్గరున్న స్పీకర్ తెస్తా.

మదనపల్లె (లెక్కలు)
200. టికెట్ల డబ్బు ఈ రాత్రికే వెనక్కి పంపేస్తా. పోస్టర్లో ఆ లైను తీసేయండి.

పుత్తూరు
150. భోజనం బయట చెప్పొద్దు, పులిహోర మా ఇంట్లో కలుపుతాం. గిన్నెలు కూడా ఉన్నాయి.

పీలేరు వదిన
250. 64 ఇళ్ళకీ మళ్ళీ నేనే ఫోన్ చేయాలి, అంతేగా? చేస్తాలే. సాంబారు నాది.

చంద్రగిరి
900 అయ్యింది, హాల్‌కి కట్టేశా. నాది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే, నేను అటు చూసుకుంటా.

రేణిగుంట తమ్ముడు (మార్చి 19)
మార్చి 31కి పాలసీ రెన్యువల్. ఈసారి 50 లక్షలకి రాయిస్తున్నాం. పెరిగిన ప్రీమియం మా అన్న, ఇక్కడి స్నేహితులు కడతామన్నారు. ప్రహరీ, వంటశాల, వాహనాలు విడిగా రాయాలి. ఇవాళ అన్నీ ఫొటోలు తీశా. గరుడ వాహనం దగ్గర ఆగింది. దేవుడి వాహనానికి వెల కట్టనంటున్నాడు పెద్దాయన.

చంద్రగిరి
వెల కట్టమనకు. కొయ్య ఎంత, కూలీ ఎంత, మళ్ళీ చేయాలంటే ఎన్నాళ్ళు పడుతుందని తిరుపతిలో కొయ్య పని చేసే ఆచారిని అడిగి కాగితం రాయించుకో. అదే అంకె వేయించు.

రేణిగుంట తమ్ముడు
సరే అన్నా. రేపు పొద్దున పోతా.