రెండున్నరేళ్ల పాపతో మొదటిసారి డిస్నీ వరల్డ్: ఈ ప్లాన్ నడుస్తుందా?

చార్లెట్_గుంటూరు

అందరికీ నమస్కారం. మా పాపకి ఏప్రిల్‌లో మూడేళ్లు నిండుతాయి. అమ్మా నాన్నా గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు, ఫిబ్రవరిలో తిరుగు ప్రయాణం. వాళ్లు ఉండగానే జనవరి చివరి వారంలో ఓర్లాండో వెళ్లొద్దామని చూస్తున్నాం. నాలుగు రోజులు, నాలుగు పార్కులు, రోజూ గేటు తీసింది మొదలు రాత్రి బాణసంచా దాకా. బయట హోటల్, అద్దె కారు.

పాప ఎత్తు ముప్ఫై నాలుగున్నర అంగుళాలు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా పడుకుంటుంది, ఆ నిద్ర తప్పిందా, సాయంత్రం ఇల్లు పీకి పందిరేస్తుంది. పప్పన్నం, పెరుగన్నం తప్ప ఏదీ ముట్టదు. డైపర్ మాన్పించడం సగంలో ఉంది. నాన్నకి మోకాళ్ల నొప్పులు.

పాపకి టికెట్ కావాలా? అన్నం లోపలికి రానిస్తారా? నేనూ మా ఆవిడా పెద్ద రైడ్ ఒక్కటైనా ఎక్కగలమా? ప్లాన్‌లో తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

కిస్సిమ్మీ_వాసి

ముందు మంచి సంగతులు. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. అది దాటాక జనం పలచబడతారు, మీ వారం బాగుంది. మూడేళ్లు నిండలేదు కాబట్టి పాపకి పార్కు టికెట్ అక్కర్లేదు, లైట్నింగ్ లేన్ (డబ్బు కట్టి త్వరగా వెళ్లే క్యూ) కూడా కొనక్కర్లేదు. అదే ఏప్రిల్ తర్వాత అయితే 3 నుంచి 9 ఏళ్ల వాళ్ల టికెట్ తీసుకోవాలి, అది పెద్దవాళ్ల ధర కంటే కాస్తే తక్కువ. విమానంలో మాత్రం రెండు నిండగానే సీటు కొనాల్సిందే.

ఇక నాలుగు రోజులు నాలుగు పార్కులు అన్నది కొట్టేయండి. ఈ వయసుకి పని చేసేది మ్యాజిక్ కింగ్‌డమ్ రెండు ఉదయాలు, యానిమల్ కింగ్‌డమ్ ఒక ఉదయం, మధ్యలో ఒక రోజు హోటల్ స్విమ్మింగ్ పూల్. టికెట్లు మూడు రోజులకి చాలు. హాలీవుడ్ స్టూడియోస్ ఇప్పుడు దండగ. స్లింకీ డాగ్‌కి 38 అంగుళాలు కావాలి, టవర్ ఆఫ్ టెర్రర్‌కి 40. అంటే పాప బయట, మీరు వంతులవారీగా లోపల.

బయట హోటల్ అన్నారు కదా, అక్కడ పెద్ద చిక్కుంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారులో వెళ్తే పార్కు గేటు దగ్గర దిగరు. కారు పెట్టేది టికెట్ అండ్ ట్రాన్స్‌పోర్టేషన్ సెంటర్‌లో. అక్కణ్నుంచి మోనోరైలో ఫెర్రీనో ఎక్కి సరస్సు దాటాలి. కారు దిగి, స్ట్రోలర్ విప్పి, చెకింగ్ దాటి, ఆవలి ఒడ్డుకి చేరేసరికి ముప్పావుగంట వేసుకోండి. మధ్యాహ్నం నిద్రకి వెనక్కి వస్తే ఇదే తతంగం మళ్లీ. డిస్నీ హోటళ్ల బస్సులైతే పార్కు గేటు పక్కనే దింపుతాయి. పైగా ఆ హోటళ్లలో దిగినవాళ్లకి రోజూ అరగంట ముందు ప్రవేశం ఉంటుంది. చంటిపిల్ల ఉన్న ఇంటికి ఆ అరగంట బంగారం, ఎందుకంటే పిల్లలెలాగూ ఆరింటికే లేచి కూర్చుంటారు.

మీరు అయిదుగురు కాబట్టి ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ అనే డిస్నీ హోటల్‌లో ఫ్యామిలీ సూట్ చూడండి. ఆరుగురు పడుకోవచ్చు, రెండు బాత్‌రూములు, మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్. అమ్మానాన్నలతో ప్రయాణంలో రెండో బాత్‌రూము విలువ వేరే చెప్పక్కర్లేదు. అడిగితే పాప కోసం మడత తొట్టి గాని, మంచానికి అడ్డుకమ్మీ గాని ఇస్తారు.

ఉదయం వరస ఇలా పెట్టుకోండి: ముందు పీటర్ పాన్స్ ఫ్లైట్, ఎందుకంటే దాని క్యూ త్వరగా పెరుగుతుంది, రోజంతా పెద్దగా తగ్గదు. బయటికి రాగానే ఎదురుగా ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్. పది నిమిషాల పడవ, చీకటి తక్కువ, అమ్మానాన్నలూ కూర్చోవచ్చు. తర్వాత విన్నీ ద పూ, రంగులరాట్నం, డంబో. వీటిలో దేనికీ ఎత్తు నిబంధన లేదు. పదకొండుంబావుకి భోజనం, పన్నెండున్నరకి బస్సులో ఉండాలి. ఇంకొక్కటి ఎక్కి పోదాం అన్న చోటే రోజు చెడుతుంది. నలభై నిమిషాల క్యూ, మధ్యలో పాప నిద్రకి వాలడం, స్ట్రోలరేమో రైడ్ బయట స్ట్రోలర్ల పార్కింగ్‌లో, పదమూడు కిలోల పిల్ల భుజం మీద.

పాత బ్లాగుల్లో టామ్ సాయర్ ఐలాండ్‌లో పిల్లల్ని పరిగెత్తించమని ఉంటుంది. దాన్ని, లిబర్టీ బెల్ పడవని 2025 జులైలో మూసేశారు, వెతుక్కోకండి.

పప్పూచారు

అన్నం నిక్షేపంగా తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు వద్దు, విడి ఐసు వద్దు, గడ్డకట్టించిన ఐస్ ప్యాక్‌లు పర్వాలేదు. చెకింగ్ దగ్గర స్టీలు డబ్బాలు, గొడుగు స్కానర్‌లో మోగే అవకాశం ఎక్కువ. వాటిని సంచిలోంచి తీసి రెండు చేతులతో ముందుకి చాచి పట్టుకుని నడిస్తే పక్కకి పిలవడం తగ్గుతుంది.

పప్పన్నానికి వెడల్పు మూతి ఫుడ్ జార్ కొనండి. పొద్దున మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు మూతపెట్టి ఉంచి, పారబోసి, అప్పుడు పొగలు కక్కే అన్నం నోటిదాకా నింపాలి. సగం నింపితే లోపలి గాలికే వేడంతా పోతుంది, పదిన్నరకే చల్లారిపోతుంది. అన్నం ఇంట్లోకంటే ఒక గరిటె నీళ్లెక్కువ పోసి జారుగా కలపండి, లేకపోతే గడ్డకట్టి పాప ఉమ్మేస్తుంది.

పెరుగన్నం అయితే ముందురోజు రాత్రి పాలు ఎక్కువ, పెరుగు ఒక చెంచా వేసి కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. డబ్బా కింద ఒకటి, పైన ఒకటి ఐస్ ప్యాక్. స్ట్రోలర్ కింది బుట్టలో మాత్రం పెట్టొద్దు. స్ట్రోలర్ ఎండలో నిలబడుతుంది, మీరు నీడలో రైడ్‌లో ఉంటారు. జనవరిలో కూడా మధ్యాహ్నం ఎండ తగులుతుంది. ఐసు కరిగి రెండు గంటలు దాటితే పారేయడమే.

వేడి చేసుకోవాలంటే మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మెయిన్ స్ట్రీట్ చివర, క్రిస్టల్ ప్యాలెస్ పక్కన బేబీ కేర్ సెంటర్ ఉంది. మైక్రోవేవ్, ఎత్తు కుర్చీలు, డైపర్ మార్చే బల్లలు, పాలిచ్చే గదులు ఉంటాయి. బయట గోల నుంచి పాపని పది నిమిషాలు తప్పించడానికి కూడా అదే చోటు. క్యాషియర్ ఉన్న ఏ కౌంటర్ భోజనశాలలో అడిగినా ఐసు నీళ్ల కప్పు ఉచితం. కానీ ఫ్లోరిడా నీళ్ల రుచి కొందరు పిల్లలకి పడదు, పాప నీళ్ల సీసా హోటల్ నుంచే నింపుకోండి.

హోటల్ గదిలో రైస్ కుక్కర్ ఆలోచన మానండి. పోపు వాసనకి కాదు గానీ, పొగకి అలారం మోగుతుంది. ఓర్లాండోలో ఇండియన్ స్టోర్లు ఉన్నాయి. పెరుగు, ముందే వండి ప్యాక్ చేసిన అన్నం కొనుక్కుంటే సూట్‌లో మైక్రోవేవ్ చాలు.

రైడర్_స్విచ్

పెద్ద రైడ్ ఎక్కొచ్చు, ఇద్దరూ ఎక్కొచ్చు. దాని పేరే రైడర్ స్విచ్, డబ్బు కట్టక్కర్లేదు. చాలామంది మన వాళ్లు తెలియక రెండుసార్లు క్యూలో నిలబడతారు.

ఉదాహరణకి సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్. 38 అంగుళాలు కావాలి, పాపకి కుదరదు. పాపతో సహా అందరూ ఒకేసారి ప్రవేశద్వారం దగ్గరికి వెళ్లండి. అక్కడ నిలబడ్డ ఉద్యోగితో రైడర్ స్విచ్ కావాలని చెప్పండి. పాపని చూస్తారు, ఆగే వ్యక్తి టికెట్‌నో మ్యాజిక్ బ్యాండ్‌నో (టికెట్‌లా పనిచేసే చేతిపట్టీ) స్కాన్ చేస్తారు. మీరు మామూలు క్యూలో వెళ్తారు, మీ ఆవిడ పాపతో బయట ఉంటారు. మీరు దిగాక ఆవిడ లైట్నింగ్ లేన్ దారిలో వెళ్తారు, దాదాపు క్యూ ఉండదు. తప్పు జరిగేది ఒక్కచోటే. పాపని తాతయ్య దగ్గర వదిలి మీరిద్దరే గేటు దగ్గరికి వెళ్తే ఇవ్వరు, పాప కంటికి కనపడాలి. అలాగే ఫోన్లు ఇద్దరి దగ్గరా ఉండాలి, టికెట్లన్నీ ఒకరి ఫోన్‌లోనే ఉంటే స్కాన్ దగ్గర ఇరుక్కుంటారు.

అసలు మీకు అంతకన్నా సులువు మార్గం ఉంది. పాప నిద్రపోయే వేళ అమ్మగారు, నాన్నగారు హోటల్లో కాపలా, మీరిద్దరే బస్సెక్కి పార్కుకి. రెండు గంటలు, రెండు రైడ్‌లు.

ముప్ఫై నాలుగున్నర అంటున్నారు కాబట్టి బార్న్‌స్టార్మర్ మీద కన్నేయండి. దానికి 35 చాలు, బూట్లతోనే కొలుస్తారు. నిమిషం పట్టే చిన్న కోస్టర్. కాకపోతే "నిన్ను ఎక్కిస్తా" అని పాపకి ముందే మాటివ్వకండి. కొలకర్ర దగ్గర పావు అంగుళం తక్కువైతే ఎవరూ వదలరు, ఆ ఏడుపు రంగులరాట్నం దాకా వినిపిస్తుంది.

చార్లెట్_గుంటూరు

చాలా థాంక్సండీ. సూట్ బుక్ చేస్తున్నాం, హాలీవుడ్ స్టూడియోస్ తీసేశాం. ఇంకో మూడు: స్ట్రోలర్ అక్కడే అద్దెకి తీసుకోనా? బాణసంచా పూర్తిగా మానేయాలా? నాన్నకి ఏం చేయాలి?

కిస్సిమ్మీ_వాసి

స్ట్రోలర్ మీదే తీసుకెళ్లండి, విమానం ఎక్కే గేటు దగ్గర ఇచ్చేస్తే ఛార్జీ ఉండదు. పార్కు అద్దెకిచ్చేవి గట్టి ప్లాస్టిక్‌వి, వెనక్కి వాలవు. నిద్రపోయిన పిల్ల మెడ పక్కకి వేలాడుతుంది. పార్కు గేటు దాటనివ్వరు, అంటే బస్సు దాకా మళ్లీ చంకలోనే. సొంతదైతే వెడల్పు 31, పొడవు 52 అంగుళాలు మించకూడదు. నాలుగు చక్రాల వాగన్‌లు అసలు రానివ్వరు. హోటల్ బస్సులో మడిచి పట్టుకోవాలి, కాబట్టి ఒంటిచేత్తో మడిచేది అయితే మేలు.

రైడ్ ముందు వదిలిన చోటే స్ట్రోలర్ ఉండదు. సిబ్బంది వరసలు సర్దుతూ పక్కకి జరుపుతారు, పోయిందని కంగారు పడొద్దు. నల్ల స్ట్రోలర్లు రెండొందల మధ్య మీది కనపడాలంటే హ్యాండిల్‌కి పాత చున్నీ ముక్క, పసుపో ఎరుపో, కట్టండి. పాస్‌పోర్టులు, పర్సు అందులో వదలకండి.

నాన్నగారికి ప్రవేశం దగ్గర వీల్‌చెయిర్లు, ఎలక్ట్రిక్ స్కూటర్లు అద్దెకిస్తారు. స్కూటర్లు ముందొచ్చిన వాళ్లకే, అయిపోతే అయిపోయినట్టే. ఒళ్లో మనవరాలిని కూర్చోబెట్టుకుని నడపనివ్వరు, అది ముందే చెప్పి ఉంచండి. ఆయన కూర్చుని ఆనందించే వాటిలో మొదటిది పీపుల్ మూవర్, ఎత్తున నెమ్మదిగా తిరిగే బండి, పాపా ఎక్కొచ్చు. కానీ కదిలే పట్టీ మీద నుంచి ఎక్కాలి, మోకాళ్లు చూసుకోండి. కరోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ అనే షో అయితే ఇరవై నిమిషాలు ఏసీలో కూర్చోవడమే.

నిద్ర_ముఖ్యం

బాణసంచా గురించి నాదో మాట. మ్యాజిక్ కింగ్‌డమ్ కోట ముందు చూడాలంటే గంట ముందు నిలబడాలి, చప్పుడు ఛాతీలో తగులుతుంది, అయిపోగానే వేలమంది ఒకేసారి గేటుకి కదులుతారు. రెండున్నరేళ్ల పిల్లకి ఈ మూడూ పడవు. చూపించాలనుంటే డిస్నీ వాళ్ల పాలినేషియన్ హోటల్ ఇసుక ఒడ్డు నుంచి సరస్సు మీదుగా చూడొచ్చు, చప్పుడు తగ్గి వస్తుంది. చెవులకి మెత్తటి ఇయర్ మఫ్‌లు ఇంట్లోనే నాలుగు రోజులు అలవాటు చేయండి. అక్కడికక్కడ పెడితే లాగి పారేస్తారు.

జనవరి ఆఖర్లో పొద్దున 10 డిగ్రీలకి దిగుతుంది, మధ్యాహ్నం 22 దాకా వెళ్తుంది. అమ్మగారికి పొద్దుటి చలిగాలికి స్వెటర్, తలకి స్కార్ఫ్. పాపకి ఒకదాని మీద ఒకటి తీసేసేలా మూడు పొరలు.

డైపర్ విషయం ఎవరూ చెప్పలేదు. ప్రయాణానికి రెండు వారాల ముందు ఆ ప్రయత్నం ఆపేసి పుల్-అప్‌లలో (నిక్కరులా తొడిగే డైపర్లు) తీసుకెళ్లండి. పార్కు టాయిలెట్లు చాలావాటికి సెన్సార్ ఫ్లష్. పాప చిన్నగా ఉంటుంది కాబట్టి కాస్త ముందుకి వంగితే సెన్సార్‌కి మనిషి లేనట్టే, కూర్చుని ఉండగానే కింద నుంచి హోరున ఫ్లష్ అవుతుంది. అలా ఒక్కసారి జడుసుకుంటే ఇంటికొచ్చాక కూడా టాయిలెట్ ఎక్కరు. అతుక్కునే చిన్న పసుపు కాగితాలుంటాయి చూడండి, పోస్ట్-ఇట్‌లు, ఒకటి తీసి ఆ కన్ను మీద అంటించి కూర్చోబెట్టండి, లేచాక పీకేయండి. మీ ఆవిడ సంచిలో ఒక కట్ట, అమ్మగారి చేతిలో ఒక కట్ట.

ఇంకొకటి, రోజూ గది నుంచి బయల్దేరే ముందు పాపని నిలువెత్తు ఫోటో తీయండి, ఆ రోజు వేసుకున్న చొక్కా, బూట్లతో. చేతి మీద మీ ఫోన్ నంబరు పెన్నుతో రాసి పైన పారదర్శక ప్లాస్టర్ వేయండి. కనపడకపోతే మీరు వెతుక్కుంటూ పరిగెత్తొద్దు, తెల్ల పేరుపట్టీ ఉన్న ఉద్యోగి ఎవరికైనా వెంటనే చెప్పండి. దొరికిన పిల్లల్ని బేబీ కేర్ సెంటర్‌కే చేరుస్తారు. అమ్మగారికి ఇంగ్లీషు ఇబ్బంది అయితే ఆవిడ ఫోన్‌లోనే ఆ ఫోటో వాల్‌పేపర్‌గా పెట్టేయండి, చూపిస్తే చాలు.