ఉత్తరాల్లో ఆడే బ్యాటిల్‌షిప్: కవరు విప్పకుండా తప్పు జవాబు సరిచూడటం ఎలా?

నేనూ, వేరే ఊళ్లో ఉన్న నా మిత్రుడూ పోస్టుకార్డుల మీద బ్యాటిల్‌షిప్ ఆడుతున్నాం. ఎదుటివాడు గళ్ల పటంలో దాచిన ఓడలను గడి పేరు చెప్పి గురిపెట్టి వెతికే ఆట ఇది; ఓడ గళ్లన్నీ తగిలితేనే అది మునుగుతుంది. పదికి పది గళ్లు, అడ్డు వరుసలు క నుంచి ఞ వరకు, నిలువు వరుసలు 1 నుంచి 10 వరకు. ఓడలు 5, 4, 3, 3, 2 గళ్లవి. కార్డుకు ఒక్క గురి పెడితే ఆట నెలల తరబడి సాగుతోందని, ఇప్పుడు ఒక్కో కార్డులో 5 గురులు రాస్తున్నాం. మొదట్లోనే ఓడల పటాలను సీలు వేసిన కవర్లలో ఒకరివొకరం దాచుకున్నాం.

చిక్కు ఇది. నాలుగో కార్డులో గ5 తప్పిందన్నాడు. తొమ్మిదో కార్డులో గ4, గ6 తగిలాయనీ, మూడు గళ్ల ఓడ మునిగిందనీ రాశాడు. వాటి చుట్టూ మరో తగిలిన గడి లేదు. మధ్య గడి తగలకుండా అది మునగదు కదా!

5ని వేరే అంకెగా చదివాడేమోనని నా నకలు చూశాను, అంకె స్పష్టంగానే ఉంది. ఫోనులో ఇద్దరి దగ్గరా ఉన్న గురుల, జవాబుల జాబితాలు చదువుకున్నాం, అవీ సరిపోయాయి. తన పటం ప్రకారం జవాబులన్నీ సరైనవేనని నమ్ముతున్నాడు, అతని నిజాయితీపై నాకు అనుమానం లేదు. కవరు విప్పితే ఇంత దూరం వచ్చిన ఆట అక్కడితో ముగిసిపోతుంది.

మిగిలిన ఓడల చోటు బయటపడకుండా ఆ ఒక్క గడి జవాబును సరిచూసుకునే మార్గం ఏమిటి?