నింపించిన క్యాసెట్టు కొన్నట్టు లెక్కా, కాదా?

మూసీ గట్టు (నల్లగొండ)
మొన్న దోస్తుల మధ్య ఓ ముచ్చట వచ్చింది. సొంత డబ్బుతో మొదట కొన్న పాటల క్యాసెట్టు ఏది అని. సగం మంది చెప్పినవి బ్లాంక్ క్యాసెట్టు ఇచ్చి రికార్డింగ్ షాపులో నింపించుకున్నవే. అవి లెక్కలోకి రావని నా వాదన. నేను ఇంటర్ చదివేటప్పుడు ప్రకాశం బజార్‌లో కొన్నది సినిమా పాటల ఒరిజినల్. లోపలి కాగితం మడత విప్పితే సంగీతం ఎవరు, రాసింది ఎవరు, పాడింది ఎవరు అన్నీ అచ్చులో ఉండేవి. రాసిన కవి పేరు చూసుకుని పాట వినడం నాకు అక్కడే అలవాటైంది. నింపించిన దాంట్లో ఏముంటుంది? షాపు రబ్బరు స్టాంపు. అది దొంగ సరుకు అనడానికి నాకేం మొహమాటం లేదు. మీరేమంటారు?

దేవరకొండ డెక్కు
మా దగ్గర ఒరిజినల్ దొరికితే కదా అన్నా!

మగ్గం భివండి
గట్టు అన్నా, దొంగ సరుకు అనే ముందు కాస్త ఆగు. మాది పుట్టపాక వైపు. మగ్గం మీద బతుకు వెళ్లక మా నాన్న భివండి పవర్‌లూమ్‌లకు పోయిండు, పెద్దయ్యాక నేనూ పోయిన. మొదటి జీతంలో కొన్నది సిక్స్‌టీ బ్లాంకు. పండుగకు ఊరికి వచ్చినప్పుడు చౌటుప్పల్‌లో షాపాయనకు చీటీ రాసిచ్చిన. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో కూడా రాసిన. ఒక్కో వైపు అరగంటే కదా, రెండో వైపు చివరి పాట చరణం మధ్యలోనే తెగిపోయింది. ఇప్పుడు ఆ పాట ఎక్కడ విన్నా ఆ చోటుకు రాగానే నా చెవి ఆగిపోతది. ఎంపిక నాది, పైసలు నావి. అది నేను కొన్నది కాదంటే ఎట్లా? ఒరిజినల్ కొంటే నాకు నచ్చిన రెండు పాటల కోసం నచ్చనివాటికి కూడా డబ్బు కట్టాలి. అంత స్తోమత అందరికీ ఉండేదా?

మూసీ గట్టు (నల్లగొండ)
స్తోమత గురించి నేను మాట్లాడలేదు తమ్ముడూ. నువ్వు ఇచ్చిన డబ్బు ఎవరికి పోయింది, అదీ నా ప్రశ్న. షాపాయనకు పోయింది. రాసినాయనకు, పాడినామెకు, వాయించినవాళ్లకు పైసా పోలేదు. కాపీరైట్ చట్టం 1957 నుంచే ఉంది, మనకు పట్టింపు లేకపోయింది. తెలంగాణ పాట, తెలంగాణ కళాకారుడు అని స్టేజీల మీద గుండెలు బాదుకుంటాం, వాళ్ల కష్టానికి డబ్బు కట్టే దగ్గర మాత్రం స్తోమత గుర్తుకొస్తుంది.

జడ్చర్ల జంక్షన్
మేం కురుమూర్తి జాతరలో కొనేవాళ్లం. అవి కాపీలో ఒరిజినల్సో అడిగినోడు లేడు.

వనపర్తి పంతులు
ఒరిజినల్ అని గుర్తుపట్టడం సులువే. వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉండవు, అక్కడ గుంటలే ఉంటాయి. అందుకే దాని మీద మళ్లీ రికార్డు కాదు. గుంటల మీద సెల్లోటేపు అంటిస్తే మాత్రం అవుతుంది. మా అన్న దుబాయ్‌లో ఉన్నప్పుడు ఇంట్లో ఓ భక్తి పాటల ఒరిజినల్‌కు టేపు అంటించి, అందరం మాట్లాడి, ఉత్తరానికి బదులు దాన్నే పంపించాం. చివర్లో కాస్త భక్తి పాట మిగిలింది. మరి అది ఒరిజినలా, కాదా?

మూసీ గట్టు (నల్లగొండ)
పంతులు గారూ, కొన్న రోజు అది ఒరిజినల్. తర్వాత మీరు ఏం చేసుకున్నారన్నది వేరే సంగతి.

వనపర్తి పంతులు
అయితే షాపులో నింపించింది కూడా కొన్న రోజు అసలైన బ్లాంకే కదండీ.

మూసీ గట్టు (నల్లగొండ)
మనం మాట్లాడేది పాటల గురించి, ప్లాస్టిక్ డబ్బా గురించి కాదు. ఈ సెల్లోటేపు వల్ల నేనెంత బాధపడ్డానో మీకు తెలియదు. నేను చెప్పిన ఆ మొదటి క్యాసెట్టును పక్కింటాయన రెండు రోజులని తీసుకెళ్లి, టేపు అంటించి, తమ్ముడి పెళ్లి బ్యాండు రికార్డు చేసుకుని తెచ్చిచ్చాడు. అడిగితే 'ఇంకోటి నింపించుకో' అన్నాడు. పాట అంటే ఊరికే వచ్చేది అనుకునేవాళ్లు అలాగే ఉంటారు.

మగ్గం భివండి
మీ పక్కింటాయన చేసిన పనికి మేమంతా దొంగలమా? మీ నాన్నది నౌకరి. ఒకటి పోతే ఇంకొకటి కొనిచ్చేటోడు. మా గదిలో అందరికీ కలిపి ఒక్క టేప్ రికార్డర్. సెల్లులు అయిపోతే ఎండలో పెట్టి, కాస్త వేడెక్కినంక మళ్లీ వేసుకునేటోళ్లం. మీరు మాకు చట్టం చెప్తారు!

మూసీ గట్టు (నల్లగొండ)
మా నాన్న మాట ఎందుకు మధ్యలో? వాదన లేనప్పుడే ఇంటి మీదికి వస్తారు.

దేవరకొండ డెక్కు
అన్నలూ, జర నిమ్మళం.

ఒగ్గు బిడ్డ (సూర్యాపేట)
ఇద్దరూ పాడినవాళ్ల పేరు మీదనే కొట్లాడుతున్నారు కాబట్టి పాడినాయన బిడ్డగా నేను ఓ మాట చెప్పాలి. మా నాయన ఒగ్గు కథ చెప్పేవాడు. కురుమల దేవుడు బీరప్ప కథ రాత్రి మొదలుపెడితే తెల్లారేది. హైదరాబాద్‌లో ఓ క్యాసెట్ల కంపెనీ వాళ్లు పిలిచి, ఆ రాత్రంతా కథను నాలుగు క్యాసెట్లలో కుదించమన్నారు. డోలు ఒకరు, తాళాలు ఇద్దరు, వంత ఒకరు. అందరికీ కలిపి ఒక్కసారి డబ్బిచ్చి, కాగితం మీద మా నాయనతో వేలిముద్ర వేయించుకున్నారు. ఆ తర్వాత పెద్దగట్టు జాతరలో ఏ దుకాణం ముందు నిలబడ్డా మా నాయన గొంతే. గట్టు అన్నా, అవన్నీ ఒరిజినల్సే. మాకు మళ్లీ ఒక్క రూపాయి రాలేదు.

పైసల కంటే పెద్ద దెబ్బ ఇంకోటి. అంతకుముందు పట్నాలు, అంటే దేవుని ముందు రంగుల ముగ్గులు వేసేటప్పుడు ఊళ్లవాళ్లు మా నాయన మేళాన్ని పిలిచేవాళ్లు. క్యాసెట్లు వచ్చాక కొన్ని ఊళ్లలో మైకుకు టేపు పెట్టి కానిచ్చేశారు. ఒకచోట అడిగితే, 'నీ కథే కదా పెట్టింది, నిన్ను పిలిచినట్టే' అన్నారట. మీరు కొన్నా, నింపించినా మా ఇంటికి పడిన దెబ్బ ఒక్కటే.

మూసీ గట్టు (నల్లగొండ)
అక్కా, మీ నాన్న గారికి జరిగింది అన్యాయం. కానీ అది కంపెనీ చేసిన మోసం. 1994లో చట్టం మార్చి పాడేవాళ్లకూ హక్కులు రాశారు, 2012లో రాయల్టీ మాట కూడా చేర్చారు. కొనేవాడు ఒరిజినల్ కొంటేనే కదా, రేపు వాటా అడగడానికి అక్కడ డబ్బు ఉండేది.

ఒగ్గు బిడ్డ (సూర్యాపేట)
వేలిముద్ర వేసిన మనిషి ఏ కాగితం పట్టుకుని అడగాలె అన్నా? ఇంకో సంగతి. మేళంతో వస్తే భోజనం, బియ్యం, కట్నం, మర్యాద అన్నీ ఉండేవి. దానికి రాయల్టీ సరిపోదు.

మగ్గం భివండి
అక్కా, కోపం చేసుకోకు. మీరన్న ఊళ్లు మేళాన్ని పిలవగలిగి కూడా పిలవలేదు, అది తప్పే. భివండిలో మేం ఎవరిని పిలవాలె? బీరప్ప కథ నాలుగు భాగాలు మా గదికి కాపీకి కాపీగా వచ్చినయి. గొంతు వెనక గాలి వీచినట్టు ఒకటే చప్పుడు. అయినా మగ్గాలు ఆపిన రాత్రి అందరం కూర్చుని వినేటోళ్లం. మా పిల్లలకు ఆ కథ తెలిసింది దానివల్లనే. ఆ కాపీ లేకపోతే మంచిగుండేదని నేను అనలేను.

ఒగ్గు బిడ్డ (సూర్యాపేట)
మీకు దక్కిందని నాకేం బాధ లేదు తమ్ముడూ. ఇప్పుడు యూట్యూబ్‌లో ఎవరెవరో పెడుతున్నారు. కింద తమ ఛానల్ పేరు తప్ప మేళం పేరు ఉండదు. గట్టు అన్న అన్నట్టు పేర్లన్నా ఉండాలె, అదొక్కటి నేనూ ఒప్పుకుంటా.

మగ్గం భివండి
మూడో భాగం ఇంకా నా దగ్గర ఉంది, నడుస్తున్నది. మీ నాయనదే అయితే గొంతు వినగానే మీకు తెలుస్తది. ఎక్కడన్నా పెడితే అందరి పేర్లు రాసే పెడతా. డోలు ఎవరిది, వంత ఎవరిది చెప్పండి.

మూసీ గట్టు (నల్లగొండ)
నింపించింది కొన్నట్టు కాదన్న మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. అయితే పేర్లు రాసే పని ఉంటే నన్ను పిలవండి, అచ్చు తప్పుల్లేకుండా చూసిపెడతా.

ఒగ్గు బిడ్డ (సూర్యాపేట)
పేర్లు ఇక్కడ వద్దు, విడిగా మెసేజ్ పెడతా. డోలు కొట్టినాయన ఇంకా ఉన్నడు. ముందు ఆయనకు వినిపించండి, ఆయన సరే అన్నాకే పెట్టండి.