తెరకు కాపీ కొట్టడానికి ఎల్‌డీఐ చాలదా? పుష్-పాప్ తప్పదా? (జడ్ఎక్స్ స్పెక్ట్రమ్ 48కే)

రబ్బరు_మీటలు:
48కే స్పెక్ట్రమ్ (జడ్80 ప్రాసెసర్ ఉన్న పాత ఇంటి కంప్యూటర్) మీద పక్కకి స్క్రోల్ అయ్యే గేమ్ ఒకటి రాస్తున్నాను. ఆట కనబడే కిటికీ 24 బైట్ల వెడల్పు, 128 గీతల ఎత్తు, అంటే 3072 బైట్లు. బొమ్మంతా ముందు 32768కి పైనున్న బఫర్‌లో గీసుకుని, ప్రతి ఫ్రేమ్‌లోనూ తెర మెమరీలోకి కాపీ కొడతాను. కొత్తగా జడ్80 నేర్చుకునేవాళ్లకి అందరూ ఎల్‌డీఐఆర్ (హెచ్ఎల్ చూపే చోటి నుంచి డీఈ చూపే చోటికి, బీసీలో ఉన్నన్ని బైట్లు కాపీ కొట్టే ఇన్‌స్ట్రక్షన్) చూపించి వదిలేస్తారు, కాస్త ముదిరినవాళ్లకి ఎల్‌డీఐని (అదే పని ఒక్క బైటుకి చేసేదాన్ని) వరసగా విప్పి రాయమంటారు. ఫ్రేమ్‌కి ఒకసారి తెర నింపాల్సిన గేమ్‌కి ఈ రెండూ సరిపోవని, స్టాక్‌తో కాపీ కొట్టడం ఒక్కటే దారని నా వాదన.

లెక్క చూడండి. ఫ్రేమ్ మొత్తం 69888 టీ-స్టేట్లు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు). ఎల్‌డీఐఆర్ బైటుకి 21 తింటుంది, 3072 బైట్లకి 64 వేలు దాటుతుంది, ఇక గేమ్ నడపడానికి ఏం మిగులుతుంది? ఎల్‌డీఐ బైటుకి 16, మొత్తం 49152. స్టాక్ పద్ధతిలో స్టాక్ పాయింటర్‌ని బఫర్ మీదికి తిప్పి బీసీ, డీఈ, హెచ్ఎల్ పాప్ చేస్తాం (పాయింటర్ చూపే చోటి నుంచి రెండేసి బైట్లు ఆ రిజిస్టర్ జతల్లోకి చదువుతాం), ఈఎక్స్ఎక్స్ కొట్టి (వాటిని రెండో ప్రతులతో మార్చి) ఆ మూడూ మళ్లీ పాప్ చేస్తాం. 12 బైట్లు రిజిస్టర్లలోకి వచ్చేశాయి. పాయింటర్‌ని తెర మీద ఆ 12 బైట్ల చివరికి తిప్పి, ఎదురు వరసలో పుష్ చేసుకుంటూ (రిజిస్టర్ జతల్ని మెమరీలోకి రాసుకుంటూ) వస్తాం. పాప్ 10, పుష్ 11. వేగంలో దీనికి సాటి లేదు.

టీస్టేట్:
లెక్క విప్పి చూపించకుండా "పాప్ 10, పుష్ 11" అంటే బైటుకి 10.5 పడుతుందని చదివేవాళ్లు అనుకుంటారు. అంత రాదండి. ఆరు పాప్‌లు 60, ఆరు పుష్‌లు 66, ఈఎక్స్ఎక్స్ రెండుసార్లు 8, స్టాక్ పాయింటర్‌లోకి అడ్రస్ రెండుసార్లు ఎక్కించడానికి 20. మొత్తం 154. పన్నెండు బైట్లకి పంచితే 12.8 పైచిలుకు. ఎల్‌డీఐ 16తో పోలిస్తే లాభం అయిదో వంతు మాత్రమే.

దానికి కట్టే ధర కూడా చెప్పండి మరి. రిజిస్టర్లన్నీ బొమ్మతో నిండిపోతాయి కాబట్టి అడ్రస్ లెక్కపెట్టుకునే చోటు ఉండదు. అడ్రస్‌లన్నీ కోడ్‌లోనే రాసెయ్యాలి. ఒక్కో 12 బైట్ల ముక్కకి 20 బైట్ల కోడ్, గీతకి రెండు ముక్కలు, 128 గీతలు: 5120 బైట్లు. తెర పోగా మీ దగ్గరుండేది 42240 బైట్లు. అందులో 3072 బఫర్‌కి పోయింది. ఇంకో అయిదు వేలు ఒక్క కాపీకే ఇచ్చేస్తే లెవెళ్ల మ్యాపులు ఎక్కడ పెడతారు? ఎల్‌డీఐ అయితే 24 సార్లు రాసి లూప్ చుడితే వంద బైట్లు కూడా కాదు.

గుంటూరు8085:
మధ్యలో ఒక చిన్న సందేహం. మేం ఇంజనీరింగ్ మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో 8085 కిట్ మీద బ్లాక్ ట్రాన్స్‌ఫర్ చేసినవాళ్లం. అక్కడ కాపీకని విడిగా ఇన్‌స్ట్రక్షనే లేదు. మెమరీ నుంచి ఏ (A) రిజిస్టర్‌లోకి 7, అక్కడి నుంచి డీఈ చూపే చోటికి 7, రెండు పాయింటర్లు పెంచడానికి 12, కౌంటర్ తగ్గించి జంప్ చెయ్యడానికి 14. బైటుకి 40. అలాంటప్పుడు జడ్80 ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌లో అన్నీ చేస్తుంటే ఎల్‌డీఐఆర్‌కి 21, ఎల్‌డీఐకి 16 ఎందుకయ్యాయి? చేసే పని ఒకటే కదా?

టీస్టేట్:
మంచి ప్రశ్న అడిగారు. ఎల్‌డీఐఆర్ లోపల ఒకటే లూప్‌లా తిరగదు. ఒక బైటు కాపీ కాగానే బీసీ సున్నా కాకపోతే ప్రోగ్రామ్ కౌంటర్‌ని రెండు వెనక్కి జరుపుతుంది. అదే ఇన్‌స్ట్రక్షన్ రెండు బైట్లనూ మెమరీ నుంచి మళ్లీ చదువుకుంటుంది. ఆ వెనక్కి జరపడానికే అదనపు 5. అందుకే చివరి బైటుకి మాత్రం 16 పడుతుంది. దీనివల్ల ఒక మేలూ ఉంది: ప్రతి బైటు తర్వాతా ఇంటరప్ట్ (చేస్తున్న పనిని ఆపించే సంకేతం) దూరడానికి సందు దొరుకుతుంది.

సీపీసీ464:
ఆమ్‌స్ట్రాడ్ సీపీసీ (జడ్80 మీదే నడిచే ఇంకో కంప్యూటర్) వాళ్లం కూడా ఉన్నాం ఇక్కడ. మా దగ్గర ప్రతి ఇన్‌స్ట్రక్షన్ మైక్రోసెకన్లలోకి సర్దుకుంటుంది: ఎల్‌డీఐఆర్ 6, ఎల్‌డీఐ 5, పాప్ 3, పుష్ 4. అంటే ఎల్‌డీఐ విప్పి రాస్తే వచ్చే లాభం ఆరో వంతే, స్టాక్‌తో మాత్రం బైటుకి 3.5కి దగ్గరగా దిగొచ్చు. మా మెషీన్ మీద అయితే నా ఓటు రబ్బరు_మీటలు గారికే. కాకపోతే మా తెర 16 కిలోబైట్లు, ఫ్రేమ్ 19968 మైక్రోసెకన్లు. ఏ పద్ధతిలోనూ తెరంతా ఒక్క ఫ్రేమ్‌లో కాపీ కాదు, హార్డ్‌వేర్ స్క్రోల్‌ని ఆశ్రయించాల్సిందే.

పాత_టేపు:
అసలు తెరంతా ఎందుకు కాపీ కొట్టాలి? మారిన చోట్లు గుర్తు పెట్టుకుని అవే కాపీ కొట్టండి. ఎనిమిది స్ప్రైట్లు (కదిలే బొమ్మలు), పాత చోటు కొత్త చోటు కలిపి ఒక్కోటి 4 బైట్ల వెడల్పు, 20 గీతలు అనుకున్నా 640 బైట్లు. 3072 ఎక్కడ, 640 ఎక్కడ! స్టాకా ఎల్‌డీఐయా అన్న గొడవే ఉండదు.

రబ్బరు_మీటలు:
అన్నా, గది గదికీ మారే గేమ్ అయితే నువ్వు చెప్పిందే సరైన దారి. ఇది పక్కకి స్క్రోల్ అవుతుంది, ప్రతి ఫ్రేమ్‌లోనూ దాదాపు ప్రతి బైటూ మారుతుంది. మారిన చోట్ల జాబితా అంటే కిటికీ అంతా అవుతుంది.

టీస్టేట్ గారూ, మీ 12.8 లెక్క నాకు సమ్మతమే. కానీ లాభం అయిదో వంతేనా అని మొత్తం టీ-స్టేట్లలో కొలిస్తే అసలు విషయం కనబడదు. పందెం తెర గీసే కిరణంతో. ఫ్రేమ్ మొదట్లో ఇంటరప్ట్ వచ్చిన దగ్గర్నుంచి మొదటి గీత మొదలయ్యేదాకా 64 గీతల పై బోర్డర్, అంటే 14336 టీ-స్టేట్లు చేతిలో ఉంటాయి. ఆ తర్వాత కిరణం గీతకి 224 చొప్పున దిగుతూ వస్తుంది. మనం దానికన్నా నెమ్మది, కాబట్టి ఎక్కడో ఒకచోట అది మనల్ని అందుకుంటుంది. అందుకున్న గీత దగ్గర పైన కొత్త ఫ్రేమ్, కింద పాత ఫ్రేమ్, బొమ్మ చిరిగినట్టు కనబడుతుంది.

కిటికీ తెర పైనుంచే మొదలైందనుకోండి. ఎల్‌డీఐఆర్ గీతకి 499 తీసుకుంటుంది, 52వ గీత దగ్గర దొరికిపోతుంది. ఎల్‌డీఐ గీతకి 384, 89వ గీత దగ్గర దొరుకుతుంది. స్టాక్ గీతకి 308. అందుకోవాలంటే కిరణానికి 170 గీతలు కావాలి, నా కిటికీ 128కే అయిపోతుంది. చిరుగు లేకుండా ఉండాలంటే ఈ మూడింట్లో దాటేది ఇదొక్కటే.

టీస్టేట్:
స్కోరు బోర్డు కింద పెట్టుకుని కిటికీ పైన పెడితే వచ్చిన కష్టం అది. తిప్పి పెట్టండి. 192 గీతల్లో 128 కిటికీ పోగా మిగిలిన 64 గీతల్లో పైన స్కోరు, ప్రాణాలు, పేరు వేసుకోండి. అప్పుడు కిరణం కిటికీ మొదటి గీతకి వచ్చేసరికి 28672 టీ-స్టేట్లు గడిచిపోతాయి. అదే లెక్కన ఎల్‌డీఐని అందుకోవాలంటే దానికి 179 గీతలు కావాలి. ఒక్క బైటు కోడ్ పెరగకుండా డిజైన్‌తోనే పందెం గెలిచాం.

రబ్బరు_మీటలు:
కాగితం మీద గెలిచారు. యూఎల్ఏని (తెర గీసే చిప్‌ని) లెక్కలోకి తీసుకోలేదు.

16384 నుంచి 32767 దాకా ఉన్న మెమరీని యూఎల్ఏ కూడా చదువుతుంది. తెర గీస్తున్నంతసేపూ, ప్రతి గీతలో 128 టీ-స్టేట్ల పాటు, మనం అక్కడికి వెళ్తే ఆపేస్తుంది. ఎనిమిది టీ-స్టేట్ల చక్రంలో మనం ఎప్పుడొచ్చామన్నదాన్ని బట్టి ఆలస్యం 6, 5, 4, 3, 2, 1, 0, 0. ఇప్పుడు ఎల్‌డీఐని దగ్గరగా చూడండి. బైటు రాశాక ఇంకో రెండు టీ-స్టేట్లు ఊరికే గడుపుతుంది, కానీ ఆ రెండింట్లోనూ అడ్రస్ బస్ మీద డీఈ అలాగే నిలబడి ఉంటుంది. డీఈ తెర వైపు చూస్తోంది కాబట్టి ఆ ఖాళీ చక్రాలకి కూడా యూఎల్ఏ అడ్డుపడుతుంది. వరసగా ఎల్‌డీఐలు నడిస్తే ఆ భాగంలో ఒక్కోటి 16 కాదు, 24. ఎల్‌డీఐఆర్‌కి ఆ అదనపు 5 కూడా డీఈ మీదే గడుస్తాయి, దాని సంగతి చెప్పక్కర్లేదు. పుష్‌కి రాసే రెండు బైట్ల దగ్గర తప్ప ఈ బాధ లేదు: 11 కాస్తా 16 అవుతుంది. పాప్‌కి అసలు లేదు, బఫర్ పైనుంది.

ఇప్పుడు మీ ఎల్‌డీఐ లెక్క మళ్లీ వెయ్యండి. కిరణం గీస్తున్నప్పుడు గీతకి సగటున 470 పైనే పడుతుంది, గీత మారినప్పుడల్లా అడ్రస్ మార్చే ఖర్చు దానికి అదనం. స్పెక్ట్రమ్ తెర వరసలో ఉండదు కదా, ఒక అక్షరం గళ్లలో ఎనిమిది గీతలు 256 బైట్ల దూరంలో ఒక్కోటి ఉంటాయి. ఆ ఖర్చు 30 అనుకుంటే 113వ గీత ప్రాంతంలో కిరణం మిమ్మల్ని అందుకుంటుంది. కిటికీ కిందున్నా సరే.

పాత_టేపు:
ఇంతసేపు స్టాక్ పాయింటర్‌తో ఆడుకోవడం క్షేమమేనా? మధ్యలో ఇంటరప్ట్ వస్తే?

రబ్బరు_మీటలు:
పాప్ చేస్తుండగా వస్తే రిటర్న్ అడ్రస్ అప్పుడే చదివేసిన బఫర్ బైట్ల మీద పడుతుంది. పుష్ చేస్తుండగా వస్తే ఇంకా రాయబోయే చోట పడి, మన రాతకింద చెరిగిపోతుంది. గీత ఎడమ చివర మాత్రం కిటికీ అవతల మచ్చ పడుతుంది. అందుకే డీఐ (ఇంటరప్ట్‌లని ఆపే ఇన్‌స్ట్రక్షన్). 48కేలో ఇంటరప్ట్ సంకేతం 32 టీ-స్టేట్లే ఉంటుంది, ఆ క్షణంలో డీఐలో ఉంటే అది పోయినట్టే, తర్వాత రాదు. హాల్ట్ (ఇంటరప్ట్ వచ్చేదాకా ఆగే ఇన్‌స్ట్రక్షన్) నుంచి లేవగానే మొదలుపెట్టి ఫ్రేమ్ లోపే ముగిస్తున్నాను కాబట్టి నాకు ఒక్కటీ పోదు. పనయ్యాక బేసిక్‌కి తిరిగి వెళ్లేవాళ్లు మాత్రం హెచ్ఎల్ రెండో ప్రతిలో (HL') 10072 మళ్లీ పెట్టాలి, ఈఎక్స్ఎక్స్ వాడాం కదా.

టీస్టేట్:
కంటెన్షన్ (యూఎల్ఏ ఆపడం వల్ల వచ్చే ఆలస్యం) లెక్క ఒప్పుకుంటాను, ఎల్‌డీఐ ఒక్కదానితో చివరి పదిహేను గీతలూ దక్కవు. కానీ దానికోసం 128 గీతలకీ స్టాక్ ఎందుకు? కిరణం గీస్తున్న భాగంలో ఎల్‌డీఐ గీత ఒక్కోటి దాదాపు 500, స్టాక్ గీత 340 దగ్గర. గీతకి 160 మిగులు. నేను తక్కువపడేది నాలుగు వేల పైచిలుకు. కిటికీ మధ్యలో, పై బోర్డర్ సమయం అయిపోయాక వచ్చే 32 గీతలకి మాత్రం మీ స్టాక్ కోడ్ పెట్టి, మిగతా 96 ఎల్‌డీఐ లూప్‌తో నడిపితే అయిదు వేలు మిగులుతాయి. కోడ్ 1280 బైట్లు. 3840 బైట్లు మ్యాపులకి మిగిలాయి. గుంటూరు8085 గారు, మీరేమంటారు?

గుంటూరు8085:
నా ఓటు ఈ కలగలుపుకే. రాసేముందు ఇద్దరూ ఒక పని చెయ్యండి: కాపీ మొదలయ్యేటప్పుడు 254 పోర్టుకి ఎరుపు, అయిపోయాక నలుపు పంపండి. బోర్డర్ మీద ఎర్ర పట్టీ ఎంతవరకు దిగిందో చూస్తే లెక్కలో ఎవరు ఎక్కడ జారారో కనబడుతుంది.

రబ్బరు_మీటలు:
పట్టీ పెట్టి చూస్తాను. అయినా నేను 128 గీతలకీ స్టాకే ఉంచుతాను. కాపీ ఎంత త్వరగా అయిపోతే శత్రువుల కదలికకి, ఢీకొన్నాయా లేదా చూడటానికి అంత సమయం దొరుకుతుంది, కలగలుపులో ఆ మిగులు చాలావరకు పోతుంది. మ్యాపుల్ని పలకలుగా కుదించుకుంటాను. 3840 బైట్లు అక్కడ సంపాదించగలను, పోయిన టీ-స్టేట్లు మాత్రం ఇంకెక్కడా దొరకవు.

టీస్టేట్:
కుదించిన మ్యాపుని విప్పడానికీ టీ-స్టేట్లే కావాలండి. స్క్రోల్ అయ్యే ప్రతి నిలువు వరసకీ ఎన్ని పడతాయో కొలిచి పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.